మిఠాయి అరిచినప్పుడు

వేడికి కరిగి నీళ్లలా తేటగా నిలిచిన పొటాషియం క్లోరేట్ అనే తెల్లపొడిలోకి ఎలుగుబంటి ఆకారంలో ఉన్న చిన్న జెల్లీ మిఠాయిని పట్టకారుతో జారవిడిచినప్పుడు, మొదటి క్షణంలో ఏమీ జరగనట్లే ఉంటుంది. మరుక్షణం పరీక్షనాళిక మూతి నుంచి ఊదారంగు మంట, తెల్లని పొగ, వాటితో పాటు ఏదో జంతువు గొంతు చించుకున్నట్లు ఒక కూత వెలువడతాయి. ముందు వరుసలో కూర్చున్నవారు అప్రయత్నంగా వెనక్కి జరుగుతారు. అంతా సద్దుమణిగాక వారిలో ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒక్కటే: "ఆ తెల్లపొడి ఏమిటి?"

మిఠాయి గురించి ఎవరూ అడగరు. ఎన్నో ఏళ్లుగా ఇటువంటి ప్రదర్శనలు చేస్తున్న నాకు తీరని అసంతృప్తి ఇదే. మండింది మిఠాయి, పొడి దానికి ఊపిరి అందించింది, అంతే. పొటాషియం క్లోరేట్ సుమారు 356 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది, ఇంకా వేడి చేస్తే విడిపోయి ఆక్సిజన్‌ను వదులుతుంది. గాలిలో మండే వస్తువుకు దొరికే ఆక్సిజన్ 21 శాతమే, అదీ బయటి నుంచి నెమ్మదిగా వచ్చి చేరాలి. ఇక్కడ మిఠాయి ఆక్సిజన్ ఊటలోనే మునిగి ఉంది. లెక్క ప్రకారం ఒక చక్కెర అణువు పూర్తిగా మండటానికి ఎనిమిది క్లోరేట్ అణువులు కావాలి. మిగిలేవి పన్నెండు కార్బన్ డయాక్సైడ్ అణువులు, పదకొండు నీటి అణువులు, ఎనిమిది పొటాషియం క్లోరైడ్ అణువులు. ఊదారంగు పొటాషియంది. కూత మాత్రం ఇరుకైన నాళికలోంచి ఒక్కసారిగా తోసుకొచ్చే వాయువులది. సీసా మూతి మీద ఊదితే వచ్చే శబ్దానికి ఇది కోపిష్టి అన్న అనుకోవచ్చు.

అదే మిఠాయిని తింటే శరీరంలో జరిగేది కూడా చివరి లెక్కలో ఇదే. గ్రాము చక్కెర పూర్తిగా మండితే సుమారు 16.5 కిలోజౌళ్ల శక్తి వెలువడుతుంది, అంటే లీటరు నీటిని దాదాపు నాలుగు డిగ్రీలు వేడెక్కించగలిగినంత. శరీరం ఆ శక్తిని ఎంజైముల సాయంతో అంచెలంచెలుగా, 37 డిగ్రీలు దాటకుండా, చిల్లర మార్చుకున్నట్లు కొంచెం కొంచెంగా తీసుకుంటుంది. నాళికలో మొత్తం ఒకే దఫాలో చేతికి వస్తుంది. చక్కెరలో శక్తి ఉందని పుస్తకంలో వంద సార్లు చదివినా నమ్మకం కుదరని విద్యార్థికి ఆ కూత ఒక్కసారి వినిపిస్తే చాలునని నేను ఇప్పటికీ అనుకుంటాను, వినిపించిన వెంటనే ఆ పోలికను నోరు తెరిచి చెప్పగలిగితే.

ఒకసారి చెప్పలేకపోయాను. అలవాటైన పని కదా అనే ధీమాతో ఆ రోజు కాస్త పెద్ద మిఠాయిని వేశాను. నాళిక అడుగు పగిలి, మండుతున్న ద్రవం కింద పెట్టిన ఇసుక పళ్లెంలోకి జారింది. ఇసుక ఉండబట్టి సరిపోయింది. ఒక తుంపర మాత్రం ఎగిరి బల్ల చివర ఉన్న నా నోటు పుస్తకం అట్టకు వేలిగోరంత కన్నం పెట్టింది. ఆ పుస్తకాన్ని ఇంకా దాచుకున్నాను. ఫ్యూమ్ హుడ్ (పొగను బయటికి లాగేసే గూడు), దాని ముందు అడ్డుతెర, కళ్లద్దాలు, శిక్షణ పొందిన మనిషి, వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఈ ప్రదర్శన చేయకూడదు. ఇంట్లో అసలే కూడదు.

చక్కెర మీద గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే బీకరులోంచి నల్లని స్తంభం పైకి లేచే ప్రదర్శన గురించి ఎక్కువ చెప్పను. చక్కెర నుంచి నీటిని లాగేసి ఆమ్లం బొగ్గును మిగులుస్తుంది, ఆవిరి ఆ బొగ్గును పొంగిస్తుంది. చూడటానికి బాగుంటుంది గానీ ఆ ఘాటైన పొగ మీద నాకు మోజు తీరిపోయింది.

డైట్ కోక్ సీసాలో మెంటోస్ బిళ్లలు వేస్తే ఎగిసే, అందరికీ తెలిసిన ఫౌంటెన్‌ను రసాయన చర్యగా పరిచయం చేయడం పొరపాటు. కోలా పానీయంలో లీటరుకు ఆరేడు గ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడితో కరిగి ఉంటుంది. అది విడిగా మూడు నాలుగు లీటర్ల వాయువు. మూత తీసినా అదంతా వెంటనే బయటికి రాదు, ఎందుకంటే బుడగ పుట్టడానికి ఒక చోటు కావాలి. మెంటోస్ పైపొరలో కంటికి కనిపించని గుంటలు ఆ చోటును ఇస్తాయి. పైగా బిళ్ల బరువుగా ఉండి అడుగుకు వేగంగా చేరుతుంది కనుక, అక్కడ పుట్టిన బుడగలు పైనున్న ద్రవాన్నంతా మోసుకుంటూ లేస్తాయి. 2008లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో భౌతిక శాస్త్రవేత్త టోన్యా కాఫీ ప్రచురించిన పరిశీలన కూడా గరుకుదనానికి, మునిగే వేగానికి పెద్దపీట వేసింది. ఇక్కడ మిఠాయి ఇంధనం కాదు, గరుకైన ఉపరితలం మాత్రమే. అది తెలిశాక ఫౌంటెన్ ఎత్తు తగ్గదు గానీ, అడగవలసిన ప్రశ్న మారిపోతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రదర్శనకు చప్పుడు లేదు, మంట లేదు. వింటర్‌గ్రీన్ అనే మొక్క వాసన గల, అదిమి చేసిన తెల్లని చక్కెర బిళ్లను చిమ్మచీకట్లో పటకారుతో చిదిమితే నీలి మెరుపు పుడుతుంది. కళ్లు చీకటికి అలవాటు పడటానికి పది నిమిషాలు కూర్చోబెట్టవలసి వస్తుంది, ఆ పది నిమిషాలూ గుసగుసలు, విసుగు. ఆ తరువాత "టక్" మని బిళ్ల విరిగినప్పుడు మాత్రం గదిలో ఊపిరి చప్పుడు కూడా వినిపించదు. "ఆ బిళ్లలో ఏముంది?" అని మిఠాయి గురించి అడిగే ప్రశ్న నాకు ఈ ఒక్క ప్రదర్శనలోనే ఎదురైంది.

చక్కెరను గీకితే వెలుగు వస్తుందని ఫ్రాన్సిస్ బేకన్ పదిహేడో శతాబ్దం ఆరంభంలోనే రాసి పెట్టాడు. స్ఫటికం పగిలినప్పుడు విరిగిన ముఖాల మధ్య విద్యుదావేశాలు వేరుపడి, గాలిలోని నైట్రోజన్ గుండా మళ్లీ కలుస్తాయి. మేఘాల్లో మెరుపు పుట్టినట్లే, కాకపోతే పంటి సందులో పట్టేంత మెరుపు. ఆ కాంతిలో ఎక్కువ భాగం అతినీలలోహితం కాబట్టి వట్టి చక్కెర మిణుకుమంటుందే తప్ప కళ్లకు బాగా ఆనదు. వింటర్‌గ్రీన్ నూనెలోని మిథైల్ సాలిసిలేట్ ఆ అదృశ్య కాంతిని పీల్చుకుని నీలంగా తిరిగి వదులుతుంది. ఈ సంగతి తెలియక మొదట్లో గాజులా మెరిసే గట్టి బిళ్లలు తెచ్చి, ఒక పొట్లం మొత్తం చీకట్లో నుగ్గు చేసి, ఏమీ చూపించలేక దీపం వేశాను. పాకం గట్టిపడి గాజైన ఆ బిళ్లలలో పగలడానికి స్ఫటికమే ఉండదు. సరైన బిళ్ల దొరికితే పటకారు కూడా అక్కరలేదు: చీకటి గదిలో అద్దం ముందు నిలబడి, నోరు తెరిచే ఉంచి, లాలాజలం దాన్ని తడిపేలోగా కొరకాలి.