'హాల్సియన్' మాట వాడుక ఎలా పట్టుబడిందంటే: నా అనుభవం

ఒకరు ఇంగ్లీషులో రాసుకున్న బాల్య జ్ఞాపకాలను తెలుగు చేస్తుంటే 'హాల్సియన్ డేస్' దగ్గర చెయ్యి ఆగిపోయింది. నిఘంటువులో 'ప్రశాంతమైన' అని ఉంది. అది పెట్టి చదివితే వాక్యం చప్పగా అనిపించింది. తర్వాతి పేజీలోనే ఆ ఇల్లు చెదిరిపోతుంది మరి, ఆ నీడ ఈ మాటలో ఎక్కడో ఉండాలి కదా!

దాంతో మాట పుట్టుక వెతికాను. హాల్సియన్ అంటే గ్రీకుల లకుముకి పిట్ట. వాళ్ల పురాణంలో గాలుల అధిపతి ఏయొలస్ కూతురు ఆల్సియొనీ. భర్త సముద్రంలో మునిగి చనిపోతే తానూ ఆ నీళ్లలోకే దూకింది. దేవతలు జాలిపడి ఇద్దరినీ పిట్టలుగా మార్చారు. నడి చలికాలంలో ఆమె అలల మీద గూడు కట్టి పొదుగుతుంటే తండ్రి గాలులను బిగబట్టి ఉంచేవాడట. పగలు అతి చిన్నదయ్యే రోజుకు ముందు ఏడు, తర్వాత ఏడు, మొత్తం 14 రోజులు సముద్రం కదలదు. నిజం లకుముకి ఏటి గట్టులో బొరియ తవ్వుకుని గుడ్లు పెడుతుంది, అది వేరే సంగతి. గ్రీసులో చలికాలం మధ్యలో వచ్చే నిర్మలమైన రోజులను ఇప్పటికీ ఈ పేరుతోనే పిలుస్తారు.

కథ చదివాక విషయం తేటపడింది. ఇది ఊరికే ప్రశాంతత కాదు, ముందూ వెనకా తుఫాను ఉన్న ప్రశాంతత. అందుకే ఇంగ్లీషులో ఎక్కువగా గడిచిపోయిన మంచి రోజుల గురించి, అవి మళ్లీ రావన్న బెంగతో వాడతారు. నా వాక్యంలో 'ఏ గాలీ సోకని ఆ రోజులు' అని రాశాను. 'స్వర్ణయుగం' అనే ఆలోచన కూడా వచ్చింది గానీ, అందులో వైభవం ఎక్కువ, నెమ్మది తక్కువ.

ఆ తర్వాత ఈ మాట ఉన్న వాక్యాలు దొరికినన్ని చదివాను. దాదాపు ప్రతిచోటా పక్కన డేస్, ఇయర్స్ లాంటి కాలాన్ని చెప్పే మాటే ఉంది. నెమ్మదస్తుణ్ణి 'హాల్సియన్ మనిషి' అంటే అతకదు. 'ఆ రోజులు హాల్సియన్‌గా ఉన్నాయి' అని వాక్యం చివర పెట్టడమూ అరుదే. మామూలు ఈమెయిల్‌లో రాస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. అక్కడ 'పీస్‌ఫుల్' చాలు.