1930 ప్యాకార్డ్ 733: బైజూర్ లైను పని ఎంతదాకా వచ్చింది

ఈ పాత అమెరికన్ కారు ఇంజిన్ పని అయిపోయింది. 319 క్యూబిక్ అంగుళాల వరస ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ స్టాండు మీద కుదురుగా తిరుగుతోంది. ఇప్పుడు ఛాసిస్ వంతు. ఇందులో ఎక్కువ సమయం తినేది బ్రేకులు కావు, బైజూర్ ఆయిల్ లైను, అంటే ఛాసిస్ బేరింగులన్నింటికీ ఒకే పంపు నుంచి ఆయిల్ పంపే గొట్టాల ఏర్పాటు.

ఈ బండిలో కింగ్ పిన్లకు (ముందు చక్రాలు పక్కకు తిరిగే పిన్నులు), స్ప్రింగ్ షాకిళ్లకు (స్ప్రింగు కొసను ఫ్రేముకు కలిపే లింకులు) గ్రీజు పెట్టే పని లేదు. డ్రైవరు చేతికందే పిడిని ఒకసారి లాగి వదిలితే పంపులోని స్ప్రింగు ఆయిల్‌ను మెల్లగా సన్న గొట్టాల్లోకి నెడుతుంది. ప్రతి బేరింగు దగ్గరా ఒక చిన్న మీటర్ ప్లగ్ ఉంటుంది. ఆయిల్ లోపలికొచ్చే వైపు దానికి ఫెల్ట్ ముక్క, మధ్యలో రంధ్రాన్ని దాదాపు మూసేసే పిన్ను, చివర వన్‌వే వాల్వు. ఆ పిన్ను చుట్టూ మిగిలిన సందు ఎంత సన్నమంటే, మిగతా అడ్డంకులన్నీ దాని ముందు లెక్కలోకి రావు. అందుకే పంపు పక్కనున్న బేరింగుకూ, వెనక చక్రం దగ్గరున్న దానికీ ఎవరి వాటా వాళ్లకు చేరుతుంది. మెషిన్ షాపుల్లో మిల్లింగ్ మెషిన్లకుండే వన్‌షాట్ లూబ్రికేషన్ కూడా ఇదే పద్ధతి.

పాత బండ్లలో దీన్ని పాడుచేసేది ఎక్కువగా గ్రీజు గన్నే. ఒక ప్లగ్ మూసుకుపోగానే దాన్ని పీకేసి గ్రీజు గన్ తగిలించే నిపిల్ బిగిస్తారు. ఈ బండిలో ముందు ఇరుసు మీదివన్నీ అలాగే పోయాయి. ఆయిల్ కోసం చేసిన సన్న దారుల్లో గ్రీజు సబ్బులా గట్టిపడింది. కింగ్ పిన్లు ఊడదీసి, దారుల్ని హీట్ గన్‌తో వేడిచేసి, రాత్రంతా కిరోసిన్‌లో నానబెట్టి, స్టీలు తీగతో పొడిస్తే గానీ అవతలి వెలుగు కనబడలేదు.

పంపులో మార్చినవి రెండే: తోలు వాషరు, అడుగున ఉండే ఫెల్ట్ ఫిల్టరు. వాషరు సైకిల్ పంపులో ఉండే గిన్నె వాషరు లాంటిదే. ఎండినది పెడితే అంచు చీలుతుంది కాబట్టి ఒక రోజు నూనెలో నాననివ్వాలి.

గొట్టం బయటి కొలత 5/32 అంగుళం. నిటారుగా కోసి, లోపలి బరు (కోత అంచున మిగిలే లోహపు పొర) తీసి, గాలి ఊది, ఆ తర్వాతే ఫెరూల్ (నట్టు కింద గొట్టాన్ని పట్టే చిన్న రింగు) ఎక్కించాలి. ఫెరూల్ బయటికి గొట్టం రెండు మూడు మిల్లీమీటర్లు మిగలాలి. నట్టు అతిగా బిగిస్తే గొట్టం అక్కడే నలిగి ఆయిల్ ఆగిపోతుంది. పైనుంచి చూస్తే మాత్రం అంతా బాగున్నట్టే ఉంటుంది! ఈ లైనులో టెఫ్లాన్ టేపు ఎక్కడా వాడకూడదు. ఒక్క పోగు విడిపోయినా నేరుగా ప్లగ్‌లోకే పోతుంది. పాత ప్లగ్‌ను కంప్రెసర్‌తో వెనకనుంచి ఊదడమూ తప్పే, వాల్వు దెబ్బతింటుంది. కడిగి వాడతామంటే కాదనలేం గానీ, కొత్తవి వేయడమే మేలు. ప్లగ్ మీది నంబరు ఎంత ఆయిల్ పోనిస్తుందో చెబుతుంది కాబట్టి తీసేటప్పుడే ఏ నంబరు ఎక్కడిదో రాసిపెట్టుకోవాలి. కింగ్ పిన్ దగ్గర పెద్ద నంబరు పడితే ఎక్కువైన ఆయిల్ బ్రేక్ లైనింగు మీదికి కారి, బ్రేకు నొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. అప్పుడు బ్రేకు రాడ్లను ఎంత సరిచేసినా లాభముండదు.

ప్లగ్‌లు బిగించకముందే లైనంతా నింపాలి. పంపుకి దగ్గరి కొసతో మొదలుపెట్టి, బుడగలు ఆగి ఆయిల్ తీగలా వచ్చేదాకా లాగుతూ, ఒక్కో కొసా మూస్తూ పోవాలి. తర్వాత ప్లగ్‌లను బేరింగుల్లో కాకుండా లైనుకే తగిలించి, ఒక్కోదాని కింద తెల్ల కాగితం పరిచి చూశాం. అన్నీ చుక్క వేశాయి, ఎడమ వెనక షాకిల్‌ది తప్ప. అక్కడ తప్పు ప్లగ్‌ది కాదు, ఫ్రేమ్ నుంచి ఇరుసుకు దిగే వంగే గొట్టంలో పగులు.

పగులు ఉన్నట్టు పిడి ముందే చెప్పింది. వదిలాక అది నింపాదిగా లోపలికి పోవాలి. టక్కున పోతే ఎక్కడో లైను తెగినట్టు, బయటే నిలబడిపోతే ఫిల్టరు మూసుకుపోయినట్టు.

వెనక ఇరుసు వంగే గొట్టం మార్చి, ప్లగ్‌లను వాటి చోట్ల బిగించి, ఇదే పరీక్ష బండి బరువు చక్రాల మీద ఉండగా మళ్లీ చేయాలి. అదయ్యాకే బ్రేక్ డ్రమ్ములు ఎక్కేది.