అద్దం హ్యాండిల్ కోసం వెళ్తే

పొద్దున ఆరింటికే అమెరికా నుంచి బావ ఫోటో పంపాడు. ఇంటి ముందు తెల్లటి బుల్లి ట్రక్కు, దాని మీద చెయ్యేసి పెళ్లికొడుకులా బావ. 1996 నాటి సుజుకి క్యారీ. జపాన్ నుంచి ఓడలో తెప్పించాడట. తయారై 25 ఏళ్లు దాటిన బండికి అక్కడి భద్రతా నిబంధనలు వర్తించవు, అందుకని ఈ 660 సీసీ ట్రక్కులంటే వాళ్లకిప్పుడు తెగ పిచ్చి.

"ఎలా ఉందిరా?" అన్నాడు.

"మారుతీ వ్యాను వెనక సగం కోసేసినట్టుంది బావా" అన్నాను. ఇక రిప్లై లేదు. నేనన్నదాంట్లో అబద్ధమేముంది? 1984లో వచ్చిన మన మారుతీ వ్యాను కూడా సుజుకి క్యారీయే. పద్నాలుగు మంది పిల్లల్లో ఒకడిగా, ఒళ్లో వేరేవాడి క్యారేజీ పెట్టుకుని, బావ రోజూ బడికెళ్లింది అందులోనే. అప్పుడు దాన్ని చూస్తేనే ఏడ్చేవాడు.

సరే, నా పని నాది. నాన్న మారుతీ 800కి ఎడమవైపు అద్దం తిప్పే హ్యాండిల్ నిన్న చేతిలోకి ఊడొచ్చింది. 98 మోడల్. "కొత్తది కొనకు, ప్లాస్టిక్కు. ఆటోనగర్లో పాతది చూడు" అన్నారు. పాతదీ ప్లాస్టిక్కే అని ఆయనతో వాదించి ఎవరు గెలవాలి!

బెంజి సర్కిల్ దాటి ఆటోనగర్ గేటు చేరేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. లారీ బాడీలు కట్టే చోట వెల్డింగ్ మెరుపులు, ఆ పక్కనే పాత సామాను కొట్లు. లుంగీ పెద్దాయన ఒకరు "800దా? వెనక్కెళ్లి చూస్కో బాబూ" అన్నారు. హ్యాండిళ్లన్నీ ఇనప తీగకి గుచ్చి, ఎండు చేపల్లా వేలాడదీసి ఉన్నాయి.

వాటి వెనకే, వేపచెట్టు కింద, కాంటెస్సా కారు.

నాలుగు టైర్లూ గాలిపోయి మట్టిలోకి దిగబడ్డాయి. ముందు అద్దం మీద వేపపళ్లు రాలి బంకబంకగా ఉంది. డాష్‌బోర్డు బీటలు వారింది గానీ దుర్గమ్మ స్టిక్కరు మాత్రం నిన్న అంటించినట్టుంది. వెనక సీట్లో, స్పాంజి పైకి తేలిన చోట, ఒక కోడి పొదుగుతోంది. నేను తొంగిచూస్తే లేవలేదు. తిట్టింది.

బానెట్ ఎత్తితే లోపల ఇంజను లేదు.

"అది ఇసుజు ఇంజను బాబూ. ఎప్పుడో ఊడదీసి ఒక అంబాసిడర్‌కి ఎక్కించాం" అన్నారు పెద్దాయన, నా వెనకే వచ్చి. కాంటెస్సా ఒళ్లు ఇంగ్లండుది, వాక్స్‌హాల్ కారు నమూనా. మొదట అంత పెద్ద బండికీ అంబాసిడర్ ఇంజనే పెట్టారు, లాగలేకపోయేది. తర్వాత ఇసుజు 1.8 లీటర్ల ఇంజనొచ్చాకే దానికి ప్రాణం వచ్చింది. 2002లో తయారీ ఆపేశారు.

"మరి దీన్నిలా వదిలేశారేంటి బాబాయ్?"

"ఓనరు పోయాడు. కొడుకులిద్దరికీ పడదు. ఒకడు అమ్మమంటాడు, ఒకడు నాన్న గుర్తంటాడు. రిజిస్ట్రేషన్ గడువు అయిపోయి ఏళ్లయింది, కట్టేవాడు లేడు. వచ్చినోళ్లంతా రీల్సు తీస్కుని పోతారు, రేటు చెప్తే మళ్లీ కనపడరు."

నేనూ రేటు అడిగాను. నవ్వి ఊరుకున్నారు. బేరం చేసే మొహం కాదని తెలిసిపోయినట్టుంది.

ఎదురుగా టీ కొట్టువాడు గ్యాసు సిలిండర్లు దాచుకునేది ఒక పాత ట్రక్కు క్యాబిన్లో. ముక్కు మీద తుప్పులో సగం అక్షరాలే మిగిలాయి, అయినా పోల్చుకున్నాను: ఆల్విన్ నిస్సాన్! జహీరాబాద్‌లో తయారైన మన జపాన్ బండి. ఎనభైల్లో టయోటాని డీసీఎం, మజ్దాని స్వరాజ్, మిత్సుబిషిని ఐషర్ తెస్తే, నిస్సాన్‌ని తెచ్చింది మన హైదరాబాద్ ఆల్విన్. ఫ్రిజ్‌లు చేసిన ఆల్వినే. సీకో వాళ్ల సాయంతో వాచీలూ చేసింది, నాన్న ఆల్విన్ వాచీ ఇప్పటికీ బీరువాలో ఉంది. బావ ఓడ ఖర్చు పెట్టి తెప్పించుకున్న ముచ్చట మాకు ఇక్కడ సిలిండర్లు కాస్తోంది. టీ మాత్రం బాలేదు, ఒకటే పంచదార.

హ్యాండిల్ 120 రూపాయలు. మాది నలుపు, దొరికింది బూడిద రంగు. నాన్న బిగించి, అద్దం నాలుగుసార్లు పైకీ కిందికీ తిప్పి, "చూశావా, పాతదంటే ఇదీ" అన్నారు.

సాయంత్రం కాంటెస్సా ఫోటో బావకి పంపాను. పొద్దుటి అలక మరిచిపోయి నిమిషంలో రిప్లై: "రేటెంతంటరా?"

"కోడి లేచాక అడిగి చెప్తా" అన్నాను.