క్యాలిపర్ మార్చాక పెడల్ ఎందుకు మెత్తబడింది: నా అనుభవం

కారు నిండా మనుషులు, డిక్కీ నిండా సామాను ఉండగా ఒక పొడవైన కొండదారి దిగుతున్నాను. కొన్ని మలుపులు దాటాక బ్రేక్ పెడల్ ఎప్పటి ఎత్తులో ఆగకుండా దాదాపు కింది కార్పెట్ దాకా వెళ్లిపోయింది. వెంటవెంటనే రెండు మూడుసార్లు తొక్కి, గేరు తగ్గించి, ఎలాగో రోడ్డు పక్కన ఆపగలిగాను. ముందు చక్రాల దగ్గర కాలిన వాసన వస్తోంది. బ్రేకులు మార్చాలని అక్కడే నిశ్చయించుకున్నాను. చక్రంతో తిరిగే డిస్క్‌ను రెండు వైపులా ప్యాడ్లతో నొక్కి పట్టే భాగం క్యాలిపర్, బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి కదిలి ఆ ప్యాడ్లను నొక్కేవి దానిలోని పిస్టన్లు. అయితే నాలుగు పిస్టన్ల క్యాలిపర్లు కొని బిగిస్తే పని పూర్తవుతుందనే అప్పటి నా నమ్మకం సరైనది కాదు.

వేడికి బ్రేకు పట్టు తగ్గడం ఒకే రకంగా ఉండదని మొదట తెలుసుకున్నాను. పెడల్ గట్టిగానే నిలబడి కారు మాత్రం ఆగకపోతే ప్యాడ్లు వేడికి పట్టు కోల్పోయాయని అర్థం. పెడల్ మెత్తబడి కిందికి జారిపోతే మాత్రం క్యాలిపర్‌లో బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి పుట్టిందని అనుమానించాలి. ద్రవం ఒత్తిడికి దాదాపుగా కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది. అందువల్ల పాదం పెట్టిన బలం పిస్టన్‌ను చేరకుండా ఆవిరిని నలపడానికే ఖర్చవుతుంది. నాకు జరిగింది ఈ రెండోది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే ప్రమాణానికి చెందిన ఆయిల్‌కు ఉండవలసిన కనీస మరుగు స్థానం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెల్సియస్ కాగా, తేమ పట్టాక అది 155 డిగ్రీలే. నా కారులో ఆయిల్ మార్చి నాలుగేళ్లు దాటింది.

ఆయిల్ మార్చి, ఎక్కువ వేడిని తట్టుకునే ప్యాడ్లు వేయించి, క్యాలిపర్‌కు ఆయిల్ చేర్చే పాత రబ్బరు హోసుల స్థానంలో స్టీలు అల్లిక ఉన్న హోసులు పెట్టించాను. రబ్బరు హోసు ఒత్తిడికి కొద్దిగా ఉబ్బుతుంది, ఆ ఉబ్బు పెడల్ దగ్గర మెత్తదనంగా తెలుస్తుంది. ఈ మూడు మార్పులతోనే పెడల్ చాలావరకు బాగుపడింది. చాలామందికి ఇక్కడితో ఆగిపోవడమే మంచిదని మనస్ఫూర్తిగా చెబుతాను. నేను ముందుకు వెళ్లడానికి కారణం, నిండు బరువుతో అదే దారిలో తరచుగా తిరగవలసి రావడం, ఆ వేడికి నా చిన్న డిస్కులు చాలకపోవడం. ఒక్కసారి గట్టిగా తొక్కితే చక్రం లాక్ అయ్యే (తిరగకుండా బిగుసుకుపోయే) స్థాయికి చేరి, దాన్ని అడ్డుకునే ఏబీఎస్ పని మొదలుపెట్టేంత బలం పాత బ్రేకులకూ ఉంది. అక్కడి నుంచి కారు ఎంత దూరంలో ఆగుతుందో తేల్చేది టైరు పట్టే. పెద్ద డిస్క్ ఇచ్చేది వేడిని ఎక్కువసేపు భరించే శక్తి.

పెద్ద డిస్క్ అంటే క్యాలిపర్ సంగతి కూడా తేల్చుకోవాలి. నా కారుకు కంపెనీ ఇచ్చినవి ఫ్లోటింగ్ క్యాలిపర్లు. వీటిలో పిస్టన్ లోపలి వైపు మాత్రమే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ను డిస్క్‌కు నొక్కగానే, ఆ ప్రతిబలానికి క్యాలిపర్ రెండు పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ను కూడా డిస్క్ మీదికి లాగుతుంది. ఫిక్స్‌డ్ క్యాలిపర్ కదలదు, డిస్క్‌కు రెండు వైపులా దాని పిస్టన్లే నొక్కుతాయి. పాత క్యాలిపర్ విప్పినప్పుడు ఒక పిన్నును చేత్తో లాగితే రాలేదు, మెలితిప్పుతూ లాగాక తుప్పు పొడితో బయటికి వచ్చింది. ఆ వైపు లోపలి ప్యాడ్ బాగా అరిగి ఉంది, బయటిది దాదాపు కొత్తదానిలా ఉంది. ఫ్లోటింగ్ క్యాలిపర్ పెడల్ మెత్తగా ఉంటుందని అనేవారిలో ఎంతమంది ఆ పిన్నులను శుభ్రం చేసి, రబ్బరును పాడుచేయని సిలికాన్ గ్రీజు పెట్టి చూశారో నాకు సందేహమే.

ఎంపిక దగ్గర నాకు అన్నిటికంటే ఉపయోగపడింది కాగితం మీద వేసుకున్న చిన్న లెక్క. పోల్చవలసింది పిస్టన్ల సంఖ్యను కాదు, ఒక వైపు పిస్టన్ల మొత్తం వైశాల్యాన్ని. నా పాత క్యాలిపర్‌లో 54 మిల్లీమీటర్ల పిస్టన్ ఒకటి ఉంది, దాని వైశాల్యం సుమారు 2,290 చదరపు మిల్లీమీటర్లు. నేను చూసిన నాలుగు పిస్టన్ల క్యాలిపర్లలో మొదటిదానికి ఒక్కో వైపు 40, 44 మిల్లీమీటర్ల పిస్టన్లు, అంటే సుమారు 2,777. రెండోదానికి 36, 40 మిల్లీమీటర్లవి, అంటే సుమారు 2,274. చూడటానికి మొదటిదే ఘనంగా ఉంది. కానీ వైశాల్యం 21 శాతం పెరిగితే అంతే మేరకు ఎక్కువ ఆయిల్‌ను మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే భాగం) నెట్టవలసి వస్తుంది. పాదానికి బలం తక్కువ పట్టినా పెడల్ లోతుగా దిగుతుంది. పైగా డిస్క్ పెద్దదైనందువల్ల బ్రేకు బలంలో ముందు చక్రాల వాటా ఎలాగూ పెరుగుతుంది. దాని మీద పిస్టన్లను కూడా పెంచితే ముందు టైర్లు త్వరగా లాక్ స్థాయికి చేరతాయి, వెనుక బ్రేకులకు పని చాలినంత అందదు. మాస్టర్ సిలిండర్‌ను పెద్దది చేస్తే పెడల్ పొట్టిగా, గట్టిగా మారుతుంది కానీ ప్రతి తొక్కుడుకూ ఎక్కువ బలం పెట్టాలి. నేను రెండోదాన్నే తీసుకున్నాను.

వైశాల్యం ఇంచుమించు సమానమైతే ఆయిల్ అవసరమూ సమానమే. ఫ్లోటింగ్‌లో ఒక్క పిస్టన్ ప్యాడ్లకూ డిస్క్‌కూ మధ్య రెండు వైపుల సందునూ తానే పూడ్చాలి, ఫిక్స్‌డ్‌లో ఏ వైపు సందును ఆ వైపు పిస్టన్లు పూడుస్తాయి. కనుక ఈ మార్పులో పెడల్ గట్టిపడిందంటే అది క్యాలిపర్ తక్కువగా వంగడం వల్ల, పిన్నుల రాపిడి లేకపోవడం వల్ల వచ్చిన గుణం.

చక్రం లోపల క్యాలిపర్‌కు చోటుందో లేదో అట్ట ముక్క కత్తిరించి చూసుకున్నాక బిగింపు మొదలైంది. అది పూర్తయి, ఆయిల్‌లో చిక్కిన గాలి తీశాక పెడల్ తొక్కితే ఆశ్చర్యపోయాను. పాతదానికంటే మెత్తగా ఉంది. మెకానిక్ మరో రెండుసార్లు గాలి తీశారు. క్యాలిపర్ మీద గాలి వదిలే నిపుల్‌కు తగిలించిన పారదర్శక గొట్టంలో ఒక్క బుడగ కూడా రాలేదు, పెడల్ మాత్రం మారలేదు. ఇంజన్ ఆపి, బూస్టర్ (పాదం బలాన్ని పెంచే పరికరం) వాక్యూమ్ పోయేదాకా తొక్కినా ఆ స్పాంజి గుణం అలాగే ఉంది. చివరికి చక్రం పక్కన కూర్చుని చూస్తే గాలి తీసే నిపుల్ క్యాలిపర్ అడుగున కనిపించింది. ఎడమ, కుడి క్యాలిపర్లు తారుమారయ్యాయి. గాలి పైన చేరుతుంది, మేము కింది నుంచి ఆయిల్ మాత్రమే తీస్తున్నాం. నా క్యాలిపర్‌లో డిస్క్ ప్రవేశించే వైపు చిన్న పిస్టన్, బయటికి వెళ్లే వైపు పెద్ద పిస్టన్ ఉండాలి. అలా ఉంటేనే ప్యాడ్ ఏటవాలుగా అరగకుండా ఉంటుంది. ఆ అమరిక కూడా తలకిందులైంది. రెండింటినీ విప్పి వాటి వాటి వైపు బిగించి గాలి తీయగానే గొట్టంలో బుడగలు గుంపుగా వచ్చాయి, పెడల్ అంతకుముందు కంటే అంగుళం ఎత్తులోనే నిలబడింది.

ఖాళీ రోడ్డు మీద, పూర్తిగా ఆపకుండా వేగం తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ కొత్త ప్యాడ్లను డిస్కులకు అలవాటు చేశాను. ఆ తరువాత ఒక్క లోపం మిగిలింది. గతుకుల మలుపు దాటాక మొదటి తొక్కుడు కాస్త లోతుగా దిగేది, రెండోది మామూలుగా ఉండేది. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఎడమ చక్రం బేరింగ్‌లో వదులు కనిపించింది. బేరింగ్ వదులైతే డిస్క్ అటూ ఇటూ ఊగి పిస్టన్లను వెనక్కి నెడుతుంది, వాటిని తిరిగి ముందుకు తేవడానికే మొదటి తొక్కుడు ఖర్చవుతుంది. ఫ్లోటింగ్ క్యాలిపర్ డిస్క్‌తో పాటు జరుగుతుంది కనుక ఆ దోషం ఇన్నాళ్లూ బయటపడలేదు.

బేరింగ్ మార్చాక, మునుపటిలాగే నిండు బరువుతో అదే కొండదారి దిగాను. చివరి మలుపు దగ్గర పెడల్ మొదటి మలుపు దగ్గర ఆగిన ఎత్తులోనే ఆగింది.