మూడో స్వరం దగ్గర తప్పిన పాట: నా అనుభవం

మాది గుంటూరు లూథరన్ కుటుంబం. చిన్నప్పటి నుంచి గుడి క్వయర్‌లో పాడాను, కానీ అంతా విని నేర్చుకున్నదే. చదువు కోసం జర్మనీలోని లైప్‌జిగ్ వచ్చాక, ఇంటి దగ్గరి చర్చి క్వయర్‌లో టెనార్ గొంతులు, అంటే పై స్థాయి మగ గొంతులు, తక్కువగా ఉన్నాయంటే వెళ్లి చేరాను. అక్టోబరులో నా చేతికిచ్చిన పాట 'నూన్ కొమ్, డేర్ హైడెన్ హైలాంట్'. అడ్వెంట్, అంటే క్రిస్మస్‌కి ముందు ఎదురుచూసే కాలం, మొదటి ఆదివారం పాడాలి.

నాలుగో శతాబ్దంలో మిలాన్ బిషప్ అంబ్రోసు రాసిన లాటిన్ కీర్తన ఇది. లూథర్ జర్మన్‌లోకి తెచ్చాడు, 1524లో అచ్చయింది. అదే ఏడాది యోహాన్ వాల్టర్ క్వయర్ కోసం దీన్ని వేర్వేరు గొంతులకు కూర్చాడు. మేం పాడేది ఆ కూర్పే.

ముందు మాటల దగ్గరే చిక్కుపడ్డాను. 'డేర్' అంటే పుంలింగ పదం ముందు వచ్చేది అని క్లాసులో నేర్చుకున్నాను. అలా చూస్తే ఈ వాక్యం అర్థమే కాలేదు. క్వయర్ నడిపే ఆవిడ, అంటే కాంటోరిన్ గారు, ఇది షష్ఠీ విభక్తి అని చెప్పారు: 'అన్యజనుల రక్షకుడా, ఇప్పుడు రమ్ము'. అచ్చం మన తెలుగు వరసే! జర్మనీలోని హెల్మ్‌స్టెడ్‌లో పుట్టిన లూథరన్ మిషనరీ హయ్యర్ అయ్యగారు 1842లో గుంటూరు వచ్చారు. ఆ అన్యజనులు అంటే మా ముత్తాతలే కదా అనిపించి, ఆ రోజు రిహార్సల్‌లో ఆ మాట దగ్గర గొంతు పట్టేసింది.

అసలు కష్టం రాగంలో వచ్చింది. స్టాఫ్ నొటేషన్ నాకు రాదు. అమ్మ హార్మోనియం మీద నేర్పిన సరిగమలే దిక్కు. మొదటి నాలుగు స్వరాలు సా, సా, కింది ని, పైకి గా. ఇంట్లో ప్రాక్టీసుకి జర్మన్ స్వరకర్త బాఖ్ 1714లో వైమార్‌లో ఇదే కీర్తన మీద రాసిన కాంటాటా (గొంతులకు, వాద్యాలకు కలిపి కూర్చిన రచన) పెట్టుకుని రోజూ విన్నాను. అదే పొరపాటైంది. పాత బాణీలో మూడో స్వరం కైశికి నిషాదం, అంటే కాస్త కిందున్న ని. బాఖ్ దాన్ని అర మెట్టు పైకి జరిపి కాకలి నిషాదం చేశాడు, అక్కడి నుంచి గాంధారానికి ఎక్కుతుంటే ఆ చోటు గుచ్చుకున్నట్టు ఉంటుంది. రిహార్సల్‌లో నా గొంతు ఒక్కటే బాఖ్ దారిన పోయింది. కాంటోరిన్ గారు ఆపి, "మీరు రెండు వందల ఏళ్లు ముందుకెళ్లారు" అన్నారు. పెన్సిల్‌తో ఆ స్వరం చుట్టూ సున్నా చుట్టాను. కాంటాటా వినడం మానేసి, రెండు వారాలు ఫోన్‌లో తంబూరా శ్రుతి పెట్టుకుని ఆ నాలుగు స్వరాలే పాడాను.

ఇంకో సంగతి: ఈ కూర్పులో పాట బాణీ పై గొంతుకి కాదు, టెనార్‌కి ఉంటుంది. పైన సోప్రానోలు, కింద బాస్‌లు వేరే దారుల్లో నడుస్తుంటే మధ్యలో మనం కదలకుండా బాణీని పట్టుకోవాలి. గట్టిగా పాడితే చెడిపోతుంది. పక్కవాళ్ల గొంతు వినిపించేంత మెల్లగా పాడాలి.

ఆదివారం పొద్దున చర్చిలో ఒక్క కొవ్వొత్తి వెలిగించారు. టెన్షన్‌తో కాగితం తడిసింది. ఈ పాటలో ప్రతి పద్యంలోనూ మొదటి పాదం బాణీయే చివరి పాదానికీ వస్తుంది, అంటే ఆ నిషాదం ప్రతి పద్యంలో రెండుసార్లు ఎదురవుతుంది. ఒక్కసారీ తప్పలేదు.

రికార్డింగ్ అమ్మకి పంపాను. "నీ గొంతేదిరా?" అంది. "మధ్యలో విను" అన్నాను. కాసేపటికి తిరిగి ఫోన్ చేసింది. మాట లేదు, హార్మోనియం మీద సా, సా, ని, గా వినిపించింది.