ఫ్యాన్సీ ఫార్మ్ పిక్నిక్‌లో గవర్నర్ ఎన్నికలు

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో గవర్నర్ ఎన్నికల వేడి ఎలా ఉంటుందో చూడాలంటే రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్ కంటే ఫ్యాన్సీ ఫార్మ్ అనే పల్లెకు వెళ్లమని ఆఫీసులో అందరూ చెప్పేవారు. రాష్ట్రానికి పడమటి కొసన ఉన్న ఊరది, జనాభా ఐదు వందలకు లోపే. అక్కడి సెయింట్ జెరోమ్ చర్చి వాళ్లు 1880 నుంచి ఏటా పిక్నిక్ జరుపుతున్నారు. ఆగస్టు మొదటి శనివారం ఊరంతా అక్కడే. పగలు మటన్, బింగో ఆట. మధ్యాహ్నం రెండింటికి రాజకీయ ఉపన్యాసాలు. ఆ ఏడాది గవర్నర్ ఆండీ బెషియర్ రెండోసారి పోటీలో ఉన్నారు కాబట్టి 2023 ఆగస్టు 5న నాన్నను తీసుకుని మేముండే లూయివిల్ నుంచి తెల్లవారకముందే బయల్దేరాను.

నాన్న తెనాలి దగ్గర హైస్కూల్ హెడ్‌మాస్టర్‌గా రిటైరయ్యారు. ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా ఎన్నో ఎన్నికల డ్యూటీలు చేసిన మనిషి. కారెక్కగానే ప్రశ్నలు మొదలుపెట్టారు. ఇక్కడి గవర్నర్ రాష్ట్రపతి పంపిన మనిషి కాదని, మన ముఖ్యమంత్రి లాంటి పదవని, జనమే నేరుగా ఓటేసి ఎన్నుకుంటారని చెప్పాను.

"మరి అసెంబ్లీలో మెజారిటీ లేకపోతే పడిపోడా?"

"పడిపోడు నాన్నా. నాలుగేళ్లూ ఉంటాడు. కానీ ఈయన వీటో చేసి ఆపిన బిల్లుల్ని సభ వాళ్లు మళ్లీ ఓటేసి పాస్ చేసుకుంటారు. మామూలు మెజారిటీ చాలు."

బెషియర్ పరిస్థితి అదే. ఆయన డెమోక్రాట్. శాసనసభ రెండు సభల్లోనూ రిపబ్లికన్లదే పూర్తి పెత్తనం. 2020లో ట్రంప్‌కు 62 శాతం ఓట్లు వేసిన రాష్ట్రమిది. 2019లో అప్పటి గవర్నర్ మ్యాట్ బెవిన్ మీద బెషియర్ గెలిచింది దాదాపు 5 వేల ఓట్ల తేడాతోనే. ఇలాంటి చోట అధికారంలో ఉన్న డెమోక్రాట్ మళ్లీ గెలవాలంటే, అవతలి పార్టీకి ఓటేసే అలవాటున్న వాళ్లను చాలామందిని తన వైపు తిప్పుకోవాలి. అది ఎలా సాధ్యమో నా కళ్లతో చూడాలనే నా ఆరాటమంతా. గ్రీన్ కార్డు క్యూలో ఉన్నవాణ్ని, నాకు ఇక్కడ ఓటు లేదు. కానీ నా పిల్లలు పుట్టిన రాష్ట్రం, వాళ్లు చదివే బడి, మేం తిరిగే రోడ్లు అన్నీ ఈ ఎన్నికతో ముడిపడి ఉన్నాయి.

ఎలిజబెత్‌టౌన్ దాటాక వెస్టర్న్ కెంటకీ పార్క్‌వే ఎక్కాం. దానికి కొంచెం దక్షిణంగా, గ్లెన్‌డేల్‌లో అప్పట్లో ఫోర్డ్ బ్యాటరీ ఫ్యాక్టరీల పని జరుగుతూ ఉండేది. 5.8 బిలియన్ డాలర్ల ప్రాజెక్టు. బెషియర్ ఏ సభలో నిలబడినా దాని మాట ఎత్తకుండా ఉండేవారు కాదు. దారిలో టైమ్ జోన్ మారి గడియారం గంట వెనక్కి వెళ్లింది. ఆ గంట మేఫీల్డ్‌లో ఆగడానికి పనికొచ్చింది.

2021 డిసెంబర్ 10 రాత్రి టోర్నడో ఈ ఊరిని తుడిచిపెట్టింది. కొవ్వొత్తుల ఫ్యాక్టరీ ఒక్కదాంట్లోనే 9 మంది చనిపోయారు. మేం వెళ్లేనాటికి ఏడాదిన్నర దాటినా ఊరి నడిబొడ్డున ఇంకా ఖాళీ స్థలాలే. గడియారం టవర్ ఉన్న పాత కోర్టు భవనం ఉండాల్సిన చోట పచ్చగడ్డి. పక్క వీధుల్లో మాత్రం కొత్త చెక్క ఫ్రేముల ఇళ్లు లేస్తున్నాయి. ఒక ఇంటి మెట్లకు ఇంకా రంగు వేయలేదు, కానీ గుమ్మం పక్కన అప్పుడే పూలకుండీ పెట్టుకున్నారు. నాన్న ఆ మెట్ల ముందు చాలాసేపు నిలబడ్డారు. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత సహాయం పనికి వెళ్లిన రోజులు ఆయనకు గుర్తొచ్చాయి.

పెట్రోల్ బంక్‌లో కాఫీ పోస్తున్న పెద్దావిడ మాతో మాట కలిపింది. టోర్నడో వచ్చిన మర్నాడే గవర్నర్ ఇక్కడికి వచ్చాడని, తర్వాత కూడా వస్తూనే ఉన్నాడని, చందాల నిధితో కట్టిన ఇళ్ల తాళాలు తనే తెచ్చి ఇచ్చాడని చెప్పింది. గవర్నర్ తండ్రి స్టీవ్ బెషియర్ కూడా రెండుసార్లు గవర్నరే. ఆయన సొంతూరు డాసన్ స్ప్రింగ్స్ కూడా ఆ రాత్రే దెబ్బతింది. అందుకే అప్పుడు గవర్నర్ పెట్టుకున్న కన్నీళ్లు నటన కాదంది ఆవిడ. అయితే ఓటు ఆయనకే కదా అన్నాను. తల అడ్డంగా ఊపింది. అబార్షన్ విషయంలో తన విశ్వాసం వేరని, మనిషి మంచివాడే కానీ పార్టీ తనది కాదని చెప్పింది. దాపరికం లేకుండా, మర్యాదగా చెప్పిన ఆ మాట నాకు బాగా నచ్చింది.

అక్కడి నుంచి ఫ్యాన్సీ ఫార్మ్ కొద్ది దూరమే. కారు దిగుతూనే పొగ వాసన. పొడుగాటి గుంటల్లో కట్టెల నిప్పులు, వాటి మీద ఇనుప జల్లెళ్లపై వరసలుగా మటన్, పంది మాంసం. ముందు రోజే మంట పెట్టి చర్చి మనుషులు రాత్రంతా మేలుకొని కాపలా కాస్తారట. బరువైన గ్లౌజులు వేసుకున్న ఒకాయన ముక్కల్ని తిప్పుతూ, తుడుపుగుడ్డ కట్టిన కర్రతో వెనిగర్ పులుసు పూస్తున్నాడు. పులుసు కారి నిప్పుల మీద పడ్డప్పుడల్లా కళ్లు మండించే ఆవిరి. అమెరికాలో గొర్రె మాంసం ఇంత ఇష్టంగా తినే చోటు ఈ పడమటి కెంటకీ తప్ప నేనెక్కడా చూడలేదు. నాన్న రెండోసారి పెట్టించుకున్నారు.

రెండు గంటలకు షెడ్డు కింద ఇసుక వేస్తే రాలనంత జనం, ఉక్క. ఒకవైపు డెమోక్రాట్లు, మరోవైపు రిపబ్లికన్లు, చేతుల్లో ప్లకార్డులు. స్టేజీ మీద బెషియర్, ఆయన రిపబ్లికన్ ప్రత్యర్థి, రాష్ట్ర అటార్నీ జనరల్ డేనియల్ కామెరన్, మిగతా పదవులకు పోటీ చేస్తున్న వాళ్లూ ఒకే వరసలో కూర్చున్నారు.

"ఇద్దరూ ఒకే స్టేజీ మీదా?" నాన్న నమ్మలేకపోయారు.

ఒకరు మైకు ముందుకు రాగానే అవతలి సగం కేకలు మొదలుపెడుతుంది. అక్కడి ఆచారమే అది. కామెరన్ లేచినప్పుడు ఒకవైపు హోరు, గవర్నర్ లేచినప్పుడు రెండోవైపు. కామెరన్ వయసు అప్పటికి నలభై కూడా లేదు. ఆ రాష్ట్రంలో అటార్నీ జనరల్ అయిన మొదటి నల్లజాతి వ్యక్తి, ట్రంప్ మద్దతున్న అభ్యర్థి. ఆయన గొంతు ఒక్కసారి కూడా తొణకలేదు. బెషియర్ కూడా అరుపులు తగ్గేదాకా ఆగకుండా తన ధోరణిలో చెప్పుకుపోయారు. ఎదుటివాళ్లు నన్ను తిడుతుంటే నేనూ అక్కడే కూర్చుని వినాలి, నా వంతు వచ్చినప్పుడు వాళ్ల ముఖం చూసే జవాబు చెప్పాలి. ఈ ఒక్క పద్ధతి కోసమైనా ఆ చర్చి వాళ్లకు దండం పెట్టాలనిపించింది. మన దగ్గర నాయకుడి మీటింగ్‌కు వాళ్ల మనుషులే వస్తారు, వాళ్ల జెండాలే ఉంటాయి, ప్రశ్న అడిగే గొంతు గేటు కూడా దాటదు. మన పల్లెల్లో కూడా తిరునాళ్లకు ఇలా ఒక అరుగు వేసి, పోటీ చేసే వాళ్లందర్నీ పక్కపక్కన కూర్చోబెడితే ఎంత బాగుంటుంది! నాన్నదీ అదే మాట. తిరుగు ప్రయాణంలో అది తప్ప ఇంకేం మాట్లాడలేదు.

నవంబర్ 7న ఓట్లు లెక్కపెట్టేటప్పటికి నాన్న తెనాలి వెళ్లిపోయారు. అక్కడ తెల్లవారగానే ఫోన్ చేశారు. బెషియర్‌కు 52.5 శాతం, కామెరన్‌కు 47.5. అంటే 2019 కంటే ఎంతో పెద్ద తేడా. 2022 వరదల్లో మునిగిన తూర్పు కొండల్లో లెచర్, పెర్రీ కౌంటీలు కూడా ఆయనకే వేశాయి.

"మరి మనం ఆగిన ఊరు?"

మేఫీల్డ్ ఉన్న గ్రేవ్స్ కౌంటీ కామెరన్‌కే వేసిందని చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. "ఆవిడ ఆ రోజే చెప్పిందిగా" అన్నారు. తర్వాత, ఈయన మూడోసారి నిలబడతాడా అని అడిగారు. కుదరదన్నాను. వరసగా రెండోసారి పోటీ చేసే అవకాశమే ఇక్కడి గవర్నర్లకు 1992 రాజ్యాంగ సవరణతో వచ్చింది, వరసగా మూడోసారికి వీల్లేదు. అయితే 2027లో ఇద్దరూ కొత్తవాళ్లే అయుంటారన్నమాట, ఆ ఏడాది ఆగస్టుకు టికెట్ తియ్యమని చెప్పి ఫోన్ పెట్టేశారు.