బళ్ళారి రోడ్డు మీద మెటాలికా

అనంతపురంలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు మా హాస్టల్‌కు అమెరికా రాక్ బ్యాండ్ మెటాలికా ఒక సీనియర్ పెన్‌డ్రైవ్‌లో వచ్చింది. సినిమా పాటల మధ్య ఎలా కలిసిందో ఏమో. మొదట విన్నవాడు "ఏందిరా ఈ గలాటా" అని ఆపేశాడు. నెల తిరిగేసరికి వాడే నెట్ సెంటర్లో లిరిక్స్ ప్రింట్ తీయించుకొని తలగడ కింద పెట్టుకున్నాడు.

1981లో మొదలైన ఆ బ్యాండ్ ముప్ఫై ఏళ్ళకు మొదటిసారి మన దేశానికి వస్తోందని, అదీ బెంగళూరుకని తెలిశాక ఆగుతామా? మెస్ బిల్లుకని ఇంట్లో ఇచ్చిన డబ్బు టికెట్లకు పోయింది. ఆ నెల మెస్ ఎలా గడిచిందో ఇక్కడ రాయను, మా అమ్మ కూడా చదువుతుంది.

షో 2011 అక్టోబర్ 30, ఆదివారం. అంతకు ముందు 28న గుర్గావ్‌లో వాయించాలి. జనమంతా వచ్చాక అది రద్దయింది. కోపంతో కొందరు స్టేజీ ఎక్కి సామాన్లు విరగ్గొట్టడం టీవీలో చూశాం. "ఇంక మనదీ గోవిందా" అన్నాడు లిరిక్స్ వాడు. రెండు రోజులు అన్నం సహించలేదు. అమ్మకు ఫోన్ చేస్తే, "పాట ఇనేదానికి బెంగుళూరు దాంకా పోవల్లనా నాయనా? సెల్లులో రాదా?" అంది.

ఆదివారం పొద్దున్నే ముగ్గురం బస్సెక్కాం. కండక్టర్ మా నల్ల టీషర్టులు చూసి, "అప్పుడే మాలేసుకున్నారా సాములూ? దీపావళి పోయి నాలుగు దినాలే గదా" అన్నాడు. లిరిక్స్ వాడు వెనక్కి తిరగ్గానే వీపు మీది పుర్రె బొమ్మ కనిపించింది. ఇంకేం మాట్లాడకుండా టికెట్లు కొట్టిచ్చాడు.

పెనుకొండ, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం, దేవనహళ్ళి. 200 కిలోమీటర్ల పైచిలుకు దారి. అనంతపురం వాళ్ళకు ఒక సుఖం ఉంది. మన బస్సులు బెంగళూరులోకి వెళ్ళేది బళ్ళారి రోడ్డు మీదే, షో జరిగే ప్యాలెస్ గ్రౌండ్స్ ఉండేదీ ఆ దారిలోనే. మెజెస్టిక్ బస్టాండు దాకా పోయి ఆటోవాళ్ళతో వచ్చీరాని కన్నడంలో బేరమాడే పని లేదు. మేక్రి సర్కిల్లో దిగి, నల్ల టీషర్టుల వెంట నడిచాం.

గేటు దగ్గర గుండె ఆగినంత పనైంది. నెట్ సెంటర్ ప్రింటర్లో ఇంకు అయిపోవచ్చిందేమో, నా టికెట్ మీద బార్‌కోడ్ సగం గీతలు తెల్లగా ఉన్నాయి. మిషన్ మూడుసార్లు పట్టలేదు. నాలుగోసారి కాగితాన్ని తొడ మీద సాపు చేసి పెడితే కుయ్‌మంది.

ముందు వేరే బ్యాండ్లు వాయించాయి. పాపం, వాళ్ళను ఎవరం సరిగా వినలేదు. పక్కనున్న కుర్రాళ్ళు షిల్లాంగ్ నుంచి వచ్చారట. అది విన్నాక, మేము ఎంత దూరం నుంచి వచ్చామో చెప్పుకోవడానికి సిగ్గేసింది.

చీకటి పడ్డాక లైట్లన్నీ ఆరిపోయాయి. తెర మీద పాత కౌబాయ్ సినిమాలో స్మశానం, సమాధుల మధ్య ఒకడు పిచ్చిగా పరుగెత్తుతున్నాడు. వెనక ఎన్నియో మోరికోనె సంగీతం. 1983 నుంచి వీళ్ళ షోలు దానితోనే మొదలవుతాయి. ఇది తెలిసి కూడా నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

తర్వాత లార్స్ అల్రిక్ రెండు కాళ్ళతో డ్రమ్ములు తొక్కడం మొదలుపెట్టాడు. ఆ దెబ్బ చెవికంటే ముందు రొమ్ముకు తగిలింది. ఎక్కడో తెలిసిన దెబ్బే అనిపించింది. మా ఊరి జాతరలో ఉరుముల వాళ్ళు గుడి ముందు వరుసగా నిలబడి ఆ డోళ్ళు వాయిస్తుంటే, చిన్నప్పుడు నాయన భుజం మీద కూర్చున్నా పక్కటెముకలు ఇలాగే అదిరేవి. ఉరుము మోత కడుపులో సుడి తిరుగుతుంది. దాని ముందు నిలబడ్డవాడు ఊగకుండా ఉండలేడు. ఇక్కడా అంతే. తల ఊపమని మాకెవరూ నేర్పలేదు.

ఒక పాటకు ముందు స్పీకర్లలో తుపాకుల మోత, బాంబుల మోత. సినిమాలు చూసి, సీమవాళ్ళకు బాంబులంటే లెక్కలేదనుకుంటారు. మేం ముగ్గురం ఒకరి చొక్కా ఒకరం పట్టుకున్నాం.

అంతా అద్భుతమని చెప్పను. మేం నిలబడ్డ చోట హెట్‌ఫీల్డ్ గొంతును గిటార్లు చాలాసార్లు మింగేశాయి. మాటలు మాకు ముందే వచ్చు కాబట్టి సరిపోయింది. నెమ్మది పాట ఒకటి వచ్చినప్పుడు లిరిక్స్ వాడు జేబులోంచి ఆ మడతల కాగితం తీశాడు. చెమటకు తడిసి ముద్దయింది. విప్పబోతే చిరిగింది. నవ్వి, మళ్ళీ జేబులో పెట్టుకొని, కళ్ళు మూసుకొని చివరిదాకా పాడాడు.

రాత్రి మేక్రి సర్కిల్లో నిలబడి హైదరాబాద్ బస్సొకటి పట్టుకున్నాం. సీట్లు లేవు, ఇంజిన్ పక్కన కూర్చున్నాం. తెల్లారకముందే అనంతపురం. టవర్ క్లాక్ దగ్గర బండి మీద వేడి వేడి ఉగ్గాని పొగలు కక్కుతోంది. బండి ఆయన ఏదో అడిగాడు. ముగ్గురి చెవుల్లోనూ ఒకటే గుయ్యిమనే మోత.

"మూడు ప్లేట్లు, బజ్జీలు కూడా!" అన్నాం.

ఆయన గరిటె ఆపి, "ఎందుకప్పా అట్ల అరుస్తారు, నాకేమన్నా చెవుడా?" అన్నాడు.